మ్రాన్పాటు: సాత్త్వికభావమును దాని యుత్తరకథయు

సౌప్తికపర్వమును బోధించుచున్న యొకనాడు పరిశోధక విద్యార్థి యొకడు నన్నొక ప్రశ్న యడిగెను. అశ్వత్థామ పాండవశిబిరమున గావించిన నిశాసంహారమునుండి ధృష్టద్యుమ్నుని సూతుడొక్కడు తప్పించుకొని, తెల్లవారిన పిమ్మట ధర్మరాజునకు ఆ వార్త విన్నవించినట్లు వ్యాసభారతమున గలదు. "ఆ సూతుడు తర్వాత ఏమైండు సార్?" అని యాతడడిగెను. వార్త నందించుటయే ఆ పాత్రకు ప్రయోజనమనియు, అది తీరినంతనే కవి యాతనిని విడిచెననియు నేను చెప్పితిని. ఆ సమాధానము కావ్యశిల్పదృష్టితో తప్పు కాదు. విద్యార్థి మాత్రము తృప్తి పొందినట్లు కనబడలేదు. ఆ యతృప్తికి హేతువేమో కొన్ని వారములకుగాని నాకు తెలియరాలేదు.

ఆతనిది ఎల్‌బీ నగర్. 2013వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలము దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ళకు అమర్చిన బాంబులు రెండు కొద్ది క్షణముల వ్యవధిలో, ఒకటి కోణార్క్ థియేటరు ప్రాంతమునను, మరియొకటి వెంకటాద్రి థియేటరు ప్రాంతమునను ప్రేలినవి. పదిహేనుమందికి మించి మరణించిరి; నూరుమందికి పైగా గాయపడిరి. 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానము అయిదుగురిని దోషులుగా నిర్ణయించి మరణశిక్ష విధించినది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము ఆ తీర్పును సమర్థించినది. ఆ సాయంకాలము, ఇంటర్మీడియట్ చదువుచుండిన ఈ విద్యార్థి ట్యూషను ముగించుకొని బస్సుకొరకు నిలుచుండెను. దేహమునకు గాయమేమియు కాలేదు. మొదటి ప్రేలుడు విన్నాడు. జనము పరుగెత్తుట చూచినాడు. తాను నిలిచిన చోటనే నిలిచిపోయినాడు. రెండవది ప్రేలిన పిమ్మటను అట్లే నిలిచియుండగా ఎవరో చేయి పట్టి లాగుకొనిపోయిరి. "నేను ఉరకలే సార్. పక్కన పడ్డోణ్ణి లేపలే. చూస్కుంట నిలబడ్డ" అని యాతడు చెప్పెను. ఇన్నేండ్లుగా ఆతనిని వేధించుచున్నది ప్రేలుడు కాదు, ఆ నిలుచుట. నేటికిని మెట్రో రైలు చైతన్యపురి స్టేషను దాటగానే కన్నులు మూసికొని, మూసారాంబాగ్ వచ్చువరకు తెరవడు. పండుగ సంతకు పోడు. పెండ్లి యూరేగింపులో బాణసంచా కాల్చుదురని దగ్గరి చుట్టముల పెండ్లికైనను పోడు.

అలంకారశాస్త్ర విద్యార్థి కిట్టి స్థితికి పేరు వెదకుకొన నక్కరలేదు. భరతుడు నాట్యశాస్త్రము సప్తమాధ్యాయమున చెప్పిన సాత్త్వికభావము లెనిమిదింటిలో స్తంభ మొకటి. హర్షము, భయము, విస్మయము, విషాదము, రోషము మున్నగువానివలన నది జనించును. చేష్ట లేక, కంపము లేక, శూన్యమై జడమైన యాకృతితో నుండుట దాని లక్షణము. మన తరగతులలో మాత్రము స్తంభమున కుదాహరణ మడిగినచో ప్రవరుని చూచి నిలిచిపోయిన వరూధినియే జ్ఞప్తికి వచ్చును. నేనును ఇరువదేండ్లుగా ఆ యుదాహరణమునే చెప్పుచు వచ్చితిని. శృంగారమున స్తంభము మనోహరము. భయానకమున నది యెట్లుండునో, అటుపిమ్మట నేమగునో మన మడుగలేదు. హేతువులలో భయమును భరతుడు పేర్కొనియుండగా మనము హర్షవిస్మయములయొద్దనే ఆగిపోతిమి.

ఇచ్చట రెండు శాస్త్రభేదములు ముఖ్యములు. మొదటిది సాత్త్వికమునకును ఇతరానుభావములకును గల భేదము. సాత్త్వికములును అనుభావములే యైనను, సత్త్వమునుండియే పుట్టుటచేత వానిని వేరుగా పరిగణింపవలెనని దశరూపకమున ధనంజయుని మతము. కనుబొమ ముడిచుట, చేయి యెత్తుట మనుజుని యిచ్ఛకు లోబడును. చెమటయు, పులకయు, వివర్ణతయు, స్తంభమును ఇచ్ఛకు లోబడవు. నటుడు వానిని చూపవలెనన్నను మనస్సును తద్భావమున ఏకాగ్రము గావింపవలెనే కాని, వట్టి అంగవిక్షేపముతో సాధింపజాలడని ప్రాచీనుల తలంపు. ఈ మాటను మనము నాట్యధర్మముగా మాత్రమే చదివితిమి. దానిలో మనుష్యదేహమునకు సంబంధించిన సత్య మొకటి దాగియున్నది: స్తంభించినవాడు స్తంభింపవలెనని తలపెట్టలేదు.

రెండవది స్తంభమునకును ప్రలయమునకును గల భేదము. ధనంజయుడు స్తంభమున అవయవములకు క్రియ లేకుండుటను, ప్రలయమున సంజ్ఞయే నశించుటను చెప్పినాడు. మూర్ఛిల్లినవానికి జరిగినదేదో తెలియదు. స్తంభించినవానికి సమస్తమును తెలియును. దశరథుడు కైకేయి వరములు విని మూర్ఛిల్లుట ప్రలయము. ఆ క్షణకాలము ఆతనికి దుఃఖమునుండి సెలవు దొరకినది. నా విద్యార్థికి ఆ సెలవు దొరకలేదు. వ్యభిచారిభావములలో జడతయని యొకటి కలదు. అనిష్టమును చూచుటచేతనో వినుటచేతనో కలుగు మౌనమును, ఱెప్పవాల్పని చూపును దాని లక్షణములు. భయస్తంభమును చిత్రించు కవికి జడత తోడు రాక తప్పదు. దేహము నిలిచిపోవును, కన్ను మాత్రము చూచుచుండును. ఆ చూచినదే పిదప స్వప్నములలోనికి వచ్చును.

వైద్యశాస్త్రము ఈ విషయమున చాల ఆలస్యముగా మేలుకొన్నది. జంతువులలో దీని నెరుగుట పాతమాటయే. అథనేషియస్ కిర్షెర్ అను పండితుడు 1646లో కోడిని నేలకదిమి పట్టి, తల యెదుట గీత గీచి, విడిచిన పిమ్మటను అది కదలక పడియుండుటను వర్ణించెను. మనుష్యుని గూర్చి మాత్రము బహుకాలము వరకు పోరాటము, పలాయనము అను రెండు మార్గములే చెప్పబడినవి. 1915లో వాల్టర్ కానన్ ప్రకటించిన గ్రంథముతో ఆ జంటపదము ప్రసిద్ధి కెక్కినది. మూడవదియగు స్తంభమును, ముఖ్యముగా బలాత్కారమునకు గురియైన స్త్రీలలో, 1979లో స్వారెజ్, గాలప్ అను శాస్త్రజ్ఞులు జంతువుల స్తంభముతో పోల్చి చూపిరి. దీనిని వారు టానిక్ ఇమ్మొబిలిటీ యందురు. తప్పించుకొను త్రోవ లేదని దేహము నిర్ణయించుకొన్నపుడు, ఆలోచనకు పూర్వమే, కండరములు బిగిసి, కంఠము మూతపడి, మనుజుడు నిలిచిపోవును.

దాని తరువాతి కథను గూర్చి 2017లో స్వీడన్ దేశమునుండి వెలువడిన పరిశోధన మొకటి గమనింపదగినది. స్టాక్‌హోమ్ నగరమున బలాత్కారబాధితులకై యున్న అత్యవసర వైద్యశాలకు వచ్చిన 298మంది స్త్రీలను ప్రశ్నింపగా, నూటికి 70మంది గణనీయమైన స్తంభమును, 48మంది తీవ్రస్తంభమును అనుభవించినట్లు తెలిసినది. ఆరు మాసముల పిమ్మట పరిశీలింపగా, స్తంభించినవారిలో ఆఘాతానంతర మనోవ్యాధి రెండున్నర రెట్లకు పైగాను, తీవ్రవిషాదరోగము మూడు రెట్లకు పైగాను కనిపించినది. స్తంభమే వ్యాధికి కారణమని దీనివలన తేలినట్లు కాదు. రెండును కలిసి కనబడుచున్నవని మాత్రమే తేలినది. బ్రెజిల్ దేశపు పరిశోధకులు మరియొక సంగతి చెప్పిరి: స్తంభమును తీవ్రముగా అనుభవించినవారి వ్యాధి చికిత్సకు సులభముగా లొంగదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ జీవననాణ్యతను కొలుచుటకు 26 ప్రశ్నల పట్టిక నొకదానిని సిద్ధపరచినది. నిద్ర యెట్లున్నది, సత్తువ యెట్లున్నది, స్నేహితుల తోడు ఎంత, నీ యెడ నీకెంత తృప్తి అని యందు అడుగుదురు. ఈ కడపటి ప్రశ్నయే నా విద్యార్థివంటివారికి గడ్డు ప్రశ్న. నిద్ర కొంత కుదురుకొన్న పిమ్మటను, "ఆ సమయమున నేనేల కదలలేదు?" అను మాట కుదురుకొనదు.

ఈ సందర్భమున తెలుగుభాష యెరిగిన దానిని మన విమర్శ యెరుగకపోవుట విచారింపదగినది. మన వాడుకలో 'చేయలేదు' అనునది ఒకటి, 'చేయలేకపోతిని' అనునది వేరొకటి. మొదటిదానిలో కర్తకు స్వాతంత్ర్య మున్నది, రెండవదానిలో లేదు. నా విద్యార్థి తన కథ చెప్పిన ప్రతిసారియు "ఉరకలే" అనుచుండెను. తెలంగాణమున దానికి జోడుగా "ఉరకనీకె రాలే" అను మాట యున్నది. రెంటిలో నేది నిజమని నే నడిగితిని. ఆతడు చాలసేపు మాటాడలేదు. ఒక క్రియారూపముపై మనుష్యుని బ్రతుకు ఆధారపడియుండుటను వ్యాకరణపాఠమున నేనెన్నడును చూడలేదు.

ఇక ఆ స్థితికి మన భాషలోని పేర్లు. మ్రాన్పడుట, కొయ్యబారుట, రాయియగుట. మొదటి రెంటికిని మ్రాను, కొయ్య, మూడవదానికి శిల. వీనిని పర్యాయపదములుగా వాడుదుము కాని, ప్రయోగములను పరికించినచో ఒక తారతమ్యము కానవచ్చును. ఒకడు వార్త విని మ్రాన్పడును, ఒకతె పామును చూచి కొయ్యబారును. ఇవి క్షణకాలపు స్థితులు. కొడుకు పోయిన తల్లి "రాయైపోయినది" అన్నపుడు మాత్రము మన ముద్దేశించునది ఏండ్లతరబడి నిలుచు స్థితి. స్తంభమును లక్షణకర్తలు క్షణమునకే పరిమితము గావించిరి. నాటకమున వారికి కావలసినది ఆ క్షణమే. దాని యుత్తరకథను లోకవ్యవహారమును కవులును పదిలపరచిరి. ఈ వ్యాసమున నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

సౌప్తికమునకు తిరిగి వత్తము. నిద్రనుండి త్రుళ్ళిపడి లేచిన యోధులలో కొందరు ఊరుస్తంభముచేత పట్టువడినట్లు, అనగా తొడలు కొయ్యబారి కదలలేకపోయినట్లు, వ్యాసుడు వర్ణించినాడు. వీరు పిరికిపందలు కారు. పదునెనిమిది దినముల యుద్ధమున మిగిలిన మేటివీరులు. అంతటివారి కాళ్ళే అనుకొనని ఘోరమున నిలిచిపోయినవని వ్యాసుడు నిందావాక్యము లేకుండ చెప్పెను. అదియును గాక, పరుగెత్తినవారి గతి యేమైనది? శిబిరద్వారమున కృపాచార్య కృతవర్మలు కాచియుండి పారిపోవువారిని చంపిరి. నిలిచినవాడు లోపల చచ్చెను, పరుగెత్తినవాడు వాకిట చచ్చెను. "పరుగెత్తినచో బ్రతికెడివాడు గదా" యని తరువాత కూర్చుండి చెప్పువారికి వ్యాసుని కథలో చోటు లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు రెండు చోట్ల ప్రేలినవి. మొదటిదానినుండి పరుగెత్తినవాడు ఏ దిక్కునకు పరుగెత్తవలసియుండెనో ఎవరు చెప్పగలరు?

పలాయనమునకు మన కావ్యములలో ప్రసిద్ధోదాహరణము ఉత్తరకుమారుడు. కురుసేనను చూచి రథము దిగి పరుగెత్తినవానిని చూచి పాఠకులు నవ్వుదురు, తిక్కన నవ్వించును. ఐనను ఆ పరుగునకు ఉత్తరకథ చక్కనిది: అర్జునుడు పట్టితెచ్చి, సారథిగా కూర్చుండబెట్టగా, అదే కుమారుడు రణమధ్యమున రథము తోలెను. పరుగెత్తిన దేహమునకు మరల చేయుటకొక పని దొరకినది.

ఇక కురుసభ. ద్రౌపదీ పరాభవసమయమున భీష్మద్రోణాదులు మ్రాన్పడిరని కొందరు వ్యాఖ్యాతలు సానుభూతితో వ్రాయుదురు. దీని నంగీకరింపరాదు. భీష్ముడు ధర్మసూక్ష్మతను గూర్చి సమాధానము చెప్పెను. నోరు కదిలినవానిది స్తంభము కాదు, వితర్కము. వికర్ణుడు లేచి మాటాడెను, విదురుడు మాటాడెను. ఆ సభలో మాటాడుట సాధ్యమైయుండెను. అధికారమును చూచి ఎన్నుకొన్న మౌనమునకు సాత్త్వికభావపు ముసుగు వేయుట బాధితులయెడ రెండవ యపచారము. ద్రౌపది మాత్రము స్తంభింపలేదు. ఆమె ప్రశ్న వేసినది. పదుమూడేండ్ల పిమ్మట ఉద్యోగపర్వమున కృష్ణుని యెదుట ఆమె పలికిన పలుకులలోని వేడిమికి మూలము, నాడు సభలో ఆమెకు కంఠము పలికియుండుటయే యని నా యభిప్రాయము. ప్రశ్నింపగలిగినవారి దుఃఖము కోపముగా పండును. ప్రశ్నింపలేకపోయినవారి దుఃఖము తమమీదికే తిరుగును.

ఈ భేదము న్యాయస్థానములకు తెలియుటకు బహుకాలము పట్టినది. మథుర కేసుగా ప్రసిద్ధమైన వ్యాజ్యమున 1978లో సర్వోన్నత న్యాయస్థానము, ఆ బాలిక దేహముపై ప్రతిఘటనను సూచించు గాయములు లేవను విషయమునకు ప్రాధాన్యమిచ్చి, క్రింది న్యాయస్థానము విధించిన శిక్షను రద్దుచేసినది. లొంగుట వేరు, అంగీకరించుట వేరు అని నలుగురు న్యాయశాస్త్రాధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగలేఖ వ్రాసిరి. 1983లో చట్టము కొంత మారినది. దేహబలముతో ప్రతిఘటింపలేదన్న కారణము మాత్రముచేత స్త్రీ సమ్మతించినట్లు భావింపరాదని స్పష్టముగా చట్టమున చేరినది 2013లో. "మౌనమే యర్ధాంగీకారము" అను సామెతను మన మెన్ని తరగతులలో, ఎన్ని పెండ్లిచూపులలో, ఎన్ని నవలలలో నవ్వుచు వాడితిమి! స్తంభమున మౌనము సమ్మతి కాదని లాక్షణికులు చెప్పియే యుండిరి, అది ఇచ్ఛకు లోబడదు గనుక. అలంకారశాస్త్రమును చదివినవాడు ఆ సామెతను ప్రమాణముగా చూపుటకు వీలులేదు.

అహల్య విషయమున జాగ్రత్త వహింపవలెను. వాల్మీకి బాలకాండమున ఆమె వచ్చినవా డింద్రుడని యెరిగియే యున్నది. ఉత్తరకాండమున తాను ఎరుగక మోసపోతినని చెప్పుకొన్నది. కనుక ఆ క్షణమున ఆమె స్తంభించినదని నిర్ణయించుటకు మూలమున ఆధారము లేదు. పరిశోధక విద్యార్థులు ఇట్టి చోట నవీనసిద్ధాంతమును పురాణముపై అతికింపరాదు. వాల్మీకి అహల్య శిల కూడ కాదు; గాలియే యాహారముగా, బూడిదలో పరుండి, ఎవరికంటను బడక యుండినది. శిలారూపము కాళిదాసు రఘువంశమునందును, పిదపటి పురాణములందును కానవచ్చును. మన జనులు మాత్రము శిలనే పట్టుకొనిరి. ఏల? నింద మోసిన స్త్రీ తరువాతి బ్రతుకును చెప్పుటకు బూడిదకంటె, గాలికంటె రాయియే వారికి సత్యముగా తోచినది. జరిగినదాని స్వరూపము వివాదగ్రస్తము. దాని యుత్తరకథయందు వివాదము లేదు.

ఆ రాతిలో మరల ప్రాణము కదలుటను విశ్వనాథ సత్యనారాయణగారు రామాయణ కల్పవృక్షము, బాలకాండము, అహల్యాఖండమున చిత్రించిన తీరు ఈ దృష్టితో చదువదగినది. భక్తిపరముగా ఆ పద్యమును మెచ్చుకొన్నవారు చాలమంది కలరు. నే నిచ్చట దాని క్రమమును మాత్రమే చూపెదను. రాముని మేని మీదుగా వచ్చిన గాలి సోకి శిలకు మొదట స్పర్శ వచ్చును, అడుగుల సవ్వడికి వినికిడి, మేని పరిమళమునకు ఘ్రాణము, పిమ్మట చూపు. హృదయము అన్నింటికిని కడపట. పాదము తాకగానే రాయి ఆడుదియై లేచి నిలిచినదను వాడుక కథతో దీనిని పోల్చినచో భేదము తెలియును. వాడుక కథలో విమోచనము ఒక్క పెట్టున కలుగును. విశ్వనాథవారి అహల్యకు ఒక్కొక్క యింద్రియమే తిరిగివచ్చును. అందును దేహము ముందు, మనస్సు వెనుక. రాముడింకను దూరముననే యున్నాడు. మొదట వచ్చినది గాలి. ఏదియు ఆమెను బలవంతముగా తాకదు. ఆఘాతబాధితులకు చికిత్స చేయు వైద్యులును నేడు జరిగినదానిని వెంటనే చెప్పుమని తొందరపెట్టరు. ముందు నేలను, శ్వాసను, చుట్టునున్న చప్పుళ్ళను భయము లేక గుర్తింపనిత్తురు. విశ్వనాథవారు వైద్యగ్రంథము చూచి వ్రాసిరని నేననను. రాయియైనదానికి ఏది ముందు తిరిగివచ్చునో ఆలోచించినవారు గనుక ఆ క్రమము కుదిరినది.

ఓల్గాగారి 'విముక్త' కథాసంపుటి 2015లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందినది. అందలి 'మృణ్మయనాదం' కథలో అహల్య ప్రశ్నను మరియొక వైపు త్రిప్పును. ఆమెకు తెలిసినదా, తెలియదా అని విచారించు అధికారము ఇతరుల కెవరిచ్చిరన్నది అచ్చటి ప్రశ్న. విశ్వనాథవారి దృష్టికిని ఓల్గాగారి దృష్టికిని ఆమడ దూరము. ఐనను ఇరువురి అహల్యలును తమ తరువాతి బ్రతుకు తీర్పరుల చేతిలో లేదన్న సంగతిని చూపుచున్నారు. కల్పవృక్షమున అది దైవానుగ్రహము, 'మృణ్మయనాదం'లో స్వయంనిర్ణయము. వీనిలో నాకు మొదటిది కావ్యముగా మిన్న. రెండవది నా విద్యార్థికి నచ్చినది.

దిల్‌సుఖ్‌నగర్‌కు ఇట్టి యనుభవము ఒక్కమారు వచ్చినది కాదు. 2002 నవంబరు 21న సాయిబాబా దేవాలయమువద్ద ప్రేలుడు జరిగినది. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌లవద్ద ప్రేలుళ్ళు జరిగిన రాత్రియే, దిల్‌సుఖ్‌నగర్ పాదచారుల వంతెనవద్ద ప్రేలని బాంబొకటి దొరకినది. ఆయా దినముల మృతుల సంఖ్యయు, నిందితుల పేర్లును, తీర్పులును పత్రికలలో లభించును. నిలిచిపోయి, గాయము లేక, ఇంటికి నడిచిపోయినవారి లెక్క యెచ్చటను లేదు. వారిని గూర్చి మన కథాసాహిత్యమున వెదకుము అని యా విద్యార్థికి చెప్పితిని. ప్రేలుడును వర్ణించిన రచనలు దొరకునని, దాని తరువాతి పదియేండ్లను వ్రాసినవి అరుదని నా యనుమానము. ఆతని వెదకులాటలో నా యనుమానము తప్పని తేలినచో సంతోషింతును.

ఆతడు ప్రస్తుతము మొదట ఆ సూతుని వెదకుచున్నాడు. స్త్రీపర్వము ముగించి శాంతిపర్వమున ప్రవేశించినాడు. ఇంతవరకు ఆ సూతుడు కనబడలేదు. మొన్న వచ్చి, సూతుడు తప్పించుకొన్న తీరును గూర్చి వ్యాసుడు వాడిన మాటలు మరల చూడుమని నాకు గ్రంథము చూపెను. తన పరాక్రమముచేత తప్పించుకొన్నట్లు సూతుడు చెప్పుకొనలేదు. కృతవర్మ వేరొక పనిలో మునిగియుండగా ఎట్లో బయటపడితినని మాత్రమే చెప్పెను. ఆ 'ఎట్లో' అను మాటక్రింద ఆతడు పెన్సిలుతో గీత గీచియుండెను.